అల్జీమర్స్ కొత్త మందులు: ఆ 27 శాతంలో ఏముంది?

అల్జీమర్స్‌కు మందు వచ్చేసిందన్న వార్త కొన్నేళ్లుగా మనకు పదే పదే వినిపిస్తోంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అడుకానుమాబ్‌కు, 2023లో లెకానెమాబ్‌కు, 2024లో డొనానెమాబ్‌కు అనుమతి ఇచ్చింది. మొదటిదాని కథ ఇప్పటికే ముగిసింది. సొంత నిపుణుల సంఘం వద్దన్నా ఎఫ్‌డీఏ దానికి పచ్చజెండా ఊపడంతో ఆ సంఘం నుంచి ముగ్గురు సభ్యులు రాజీనామా చేశారు. చివరికి తయారీ సంస్థ బయోజెనే ఆ మందును వదిలేస్తున్నట్లు 2024 జనవరిలో ప్రకటించింది. మిగతా రెండూ నిలబడ్డాయి. జబ్బు ముదిరే వేగాన్ని లెకానెమాబ్ 27 శాతం తగ్గిస్తుందన్న మాటే ఇప్పుడు అందరి నోటా నానుతోంది గనుక, ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

లెకానెమాబ్ మూడో దశ ప్రయోగంలో జబ్బు తొలి దశలో ఉన్న 1,795 మంది పాల్గొన్నారు. సగం మందికి రెండు వారాలకోసారి మందును, మిగతా సగానికి మందు లేని ద్రావణాన్ని నరం ద్వారా ఎక్కించి, 18 నెలల తర్వాత అందరినీ ఒకే కొలబద్దతో కొలిచారు. జ్ఞాపకశక్తి, స్థలకాలాల స్పృహ, విచక్షణ, నలుగురిలో మెలగడం, ఇంటి పనులు, సొంత పనులు అనే ఆరు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 18 పాయింట్లు వేస్తారు. పాయింట్లు పెరిగాయంటే జబ్బు పెరిగిందని అర్థం. మందు తీసుకోనివారికి సగటున 1.66 పాయింట్లు పెరగగా, తీసుకున్నవారికి 1.21 పెరిగాయి. అంటే మందు తీసుకున్నవారిలోనూ సగటున జబ్బు ముదిరింది, కాకపోతే కాస్త నెమ్మదిగా. రెండు వర్గాల మధ్య వచ్చిన తేడా 0.45. ఆ 0.45 అనేది 1.66లో 27 శాతం. ఈ కొలబద్దలో ఏ అంశంలోనైనా వేయగలిగిన అతి చిన్న అడుగు అర పాయింటు కాగా, సగటు తేడా దానికన్నా తక్కువ. అంకె అబద్ధం కాదు. అయితే 27 శాతం అన్న మాట విన్న కొడుకో కూతురో తమ తల్లి నాలుగో వంతు కోలుకుంటుందని ఆశపడితే, ఆ తప్పు వారిది కాదు, వార్త రాసినవారిది.

ఇందుకు చెల్లించే మూల్యం డబ్బు ఒక్కటే కాదు. లెకానెమాబ్ తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు, 17.3 శాతం మందికి రక్తస్రావపు ఆనవాళ్లు స్కానింగ్‌లో కనిపించాయి. చాలామందికి ఏ లక్షణమూ లేకుండానే అవి సర్దుకున్నా, కొందరికి ప్రాణాల మీదికి వచ్చింది. ఏపీఓఈ4 అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ సంక్రమించినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి వాపు వచ్చింది. అందుకే మందు మొదలుపెట్టే ముందు తీసేదానితో కలిపి, మొదటి 14 మోతాదులు పూర్తయ్యేలోపు కనీసం ఐదుసార్లు ఎమ్మారై తీయాలి. మందు ఖరీదు అమెరికాలో ఏడాదికి 26,500 డాలర్లు, అంటే 22 లక్షల రూపాయల పైమాటే. బ్రిటన్‌లో మందుల విలువ తేల్చే నైస్ సంస్థ, లెకానెమాబ్, డొనానెమాబ్ రెండూ జబ్బును సగటున నాలుగు నుంచి ఆరు నెలలు వెనక్కి నెడతాయని లెక్కగట్టి, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వడానికి తగవని 2025 జూన్‌లో తన తుది ముసాయిదాలో పేర్కొంది.

అలాగని వీటిని కొట్టిపారేయడమూ పొరపాటే. 1906లో అలోయిస్ అల్జీమర్ ఒక మహిళ మెదడులో చూసిన పాచిలాంటి అమిలాయిడ్ అనే ప్రోటీన్ పోగులను బతికున్న మనిషి మెదడులోంచి తుడిచేయగలగడం, తుడిచేస్తే జబ్బు ఎంతో కొంత నెమ్మదిస్తుందని రుజువు కావడం, ఇవి రెండూ ఏళ్ల తరబడి ఎదురైన వైఫల్యాల తర్వాత దక్కిన ఫలితాలు. పోగులు పోయినా జబ్బు ఆగడం లేదన్నది కూడా అంతే విలువైన పాఠం. అమిలాయిడ్ నిప్పు అంటించిందేమో గాని, మంట ఆ తర్వాత టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుల మీదా, మెదడులోని వాపు ప్రక్రియల మీదా సొంతంగా ఎగబాకుతోందని నేటి పరిశోధకుల్లో చాలామంది భావిస్తున్నారు. (2006 నాటి ఒక ప్రముఖ అమిలాయిడ్ పరిశోధన పత్రాన్ని 2024లో వెనక్కి తీసుకున్నప్పుడు అమిలాయిడే జబ్బుకు మూలమన్న మొత్తం సిద్ధాంతమే బూటకమని సామాజిక మాధ్యమాల్లో తీర్పులిచ్చారు. ఆ పత్రం అమిలాయిడ్‌లోని ఒక ప్రత్యేక రూపం గురించి మాత్రమే. సిద్ధాంతం దానిమీద ఆధారపడి లేదు.)

మన దగ్గర అసలు చిక్కు మందుకన్నా ముందే ఉంది. ఈ మందులు తొలి దశలో ఉన్నవారికే పనికొస్తాయి, మనవాళ్లు తొలి దశలో డాక్టరు దగ్గరికి వెళ్లరు. మా పెద్దమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిన రోజున ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. పాలవాడికి ఇచ్చిన డబ్బే మళ్లీ ఇచ్చినప్పుడు చాదస్తం అన్నాం. సాయంత్రం ఆరయ్యేసరికి కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడి, "ఇంటికి పోదాం పదండి, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది" అనడం మొదలుపెట్టాక గానీ మాకు భయం వేయలేదు. ఆమె తల్లి పోయి అప్పటికి నలభై ఏళ్లు. ఉప్పుకూ గుమ్మానికీ మధ్య రెండున్నరేళ్లు గడిచాయి, ఏ మందుకైనా వీలున్న కాలం అదే.

ఎక్కడో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి వారానికోసారి ఫోన్ చేసే పిల్లలకు ఇది ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. "బాగున్నావా నాన్నా, తిన్నావా, అక్కడ చలిగా ఉందా" అనే మాటలు అలవాటు మీద నడిచేవి. జ్ఞాపకం సగం పోయాక కూడా తడబాటు లేకుండా వస్తాయి. నిన్న ఎవరు వచ్చారని అడిగితేనే తీగ కదులుతుంది.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులన్నిటికీ ఉమ్మడి పేరైన డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన లాసీ-డాడ్ జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల్లోకన్నా పల్లెల్లో, మగవారిలోకన్నా ఆడవారిలో ఎక్కువ. అక్షరాలు రాని అవ్వను పరీక్షించడానికి ఇంగ్లిష్ పరీక్షలు పనికిరావు. వాటిలో ఒక మాటను చివరి అక్షరం నుంచి వెనక్కి చెప్పమనే ప్రశ్న ఉంటుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెవాసుల కోసం 1990లలో తయారు చేసిన హిందీ పరీక్షలో దాని బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగువారికి అనువుగా మలిచారు. పరికరం ఉంది గాని, దాన్ని వాడే తీరికా శిక్షణా జిల్లా ఆసుపత్రి ఓపీలో దొరకడం కష్టం. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గుదల, కిందపడ్డాక తలలో పేరుకున్న రక్తం, చివరికి దిగులు జబ్బు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, అదీ చవకలో.

2025 మేలో ఎఫ్‌డీఏ అల్జీమర్స్‌ను గుర్తించడానికి తోడ్పడే మొదటి రక్త పరీక్షకు అనుమతినిచ్చింది. ఖరీదైన పెట్ స్కానింగ్, వెన్నులోంచి నీరు తీయడం చాలామందికి తప్పించగల ఈ పరీక్షే మనలాంటి చోట కొత్త మందులకన్నా పెద్ద మార్పు తేగలదని నా అభిప్రాయం. అయితే ఆ అనుమతి 55 ఏళ్లు దాటి, అప్పటికే లక్షణాలున్నవారికి, నిపుణుడి పర్యవేక్షణలో వాడటానికి మాత్రమే. దీన్ని పండగ రాయితీ హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి అమ్మే రోజు వస్తే, ఏ లోపమూ లేని మనిషి చేతికి చికిత్స లేని భయాన్ని అందించినట్లవుతుంది.

నివారణ విషయంలో మన హైదరాబాద్ ప్రపంచానికి అందించిన సాక్ష్యం ఒకటుంది. నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. కెనడాలో ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు అది వలస వచ్చినవారి ప్రత్యేకత కావచ్చునన్న సందేహం ఉండేది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే హైదరాబాదీకి ఆ సందేహం వర్తించదు. ఇది క్లినిక్‌కు వచ్చినవారి రికార్డుల మీద జరిగిన పరిశీలన గనుక కారణాన్ని రుజువు చేయదు, ఇతర దేశాల దీర్ఘకాలిక అధ్యయనాలన్నీ దీన్ని బలపరచలేదు కూడా. లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక మాత్రం అధిక రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం, వాయు కాలుష్యం వంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా కట్టింది.

ఇక చూసుకునేవారి సంగతి. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు నుంచి వర్తిస్తున్న ఆయుష్మాన్ కార్డు ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరితేనే ఖర్చు భరిస్తుంది. డిమెన్షియా ఖర్చంతా ఇంట్లోనే: డైపర్లు, పగటి ఆయా జీతం, రాత్రి రెండింటికి గడియ చప్పుడైతే లేచే కోడలు మానుకున్న ఉద్యోగం.

ప్రభుత్వం మొదలుపెట్టగలిగిన చోటు ఒకటి ఇప్పటికే కాగితం మీద ఉంది. 30 ఏళ్లు దాటినవారి నుంచి బీపీ, షుగర్ వంటి వివరాల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే సీబ్యాక్ పత్రంలో వృద్ధులకు ప్రత్యేకించిన ప్రశ్నల్లో ఒకటి, దగ్గరివాళ్ల పేర్లు గాని ఇంటి చిరునామా గాని మరచిపోతున్నారా అన్నది. ఇది జబ్బు నడిమి దశకు చేరాక ఔనని జవాబు వచ్చే ప్రశ్న, పైగా మరచిపోయే మనిషినే అడిగే ప్రశ్న. దాని స్థానంలో, డబ్బు లెక్కల్లో, వంటలో, వేసుకునే మాత్రల్లో ఈ ఏడాది పొరపాట్లు పెరిగాయా అని ఇంట్లో ఇంకొకరిని అడిగేలా మార్చడానికి కొత్త మందేమీ అక్కర్లేదు. పత్రాన్ని తిరిగి అచ్చు వేయించి, ఔనన్నవారిని ఏ ఆసుపత్రికి పంపాలో ఆశా కార్యకర్తకు చెప్పాలి.