శనివారం లారీకి సోమవారం నుంచే లెక్క

"అన్నా, వారమంతా ఆఫీసు. శని, ఆదివారాలు ఖాళీయే కదా, లారీ నడిపితే ఎలా ఉంటుంది?"

నేను క్లాస్ వన్ లైసెన్సు, అంటే ట్రైలర్ తగిలించిన పెద్ద లారీ నడిపే లైసెన్సు తీసుకున్నానని తెలిసినప్పటి నుంచి బ్రిటన్‌లోని మన కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రమ్మనే చెబుతాను. కానీ ఆ "ఖాళీయే కదా" దగ్గర నాకు భయం వేస్తుంది. ఫోనులో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పదిహేడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. 2021 సెప్టెంబరులో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి, గుర్తుందా? పెట్రోలు లేక కాదు, దాన్ని బంకులకు చేర్చే డ్రైవర్లు చాలక. ఆ క్యూలో కూర్చున్నప్పుడే నాకు మొదటిసారి ఈ ఆలోచన వచ్చింది. ఆ నవంబరులోనే రూలు మార్చారు. ముందు చిన్న లారీ టెస్టు పాసవ్వాలన్న షరతు పోయింది, కారు లైసెన్సు ఉన్నవాళ్లు నేరుగా ఆర్టిక్ (ట్రైలర్ తగిలించే పెద్ద లారీ) టెస్టుకే వెళ్లొచ్చు. ఇప్పుడు సోమ, మంగళ, బుధవారాలు ఆఫీసు, గురు, శుక్రవారాలు లారీ. శని, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

అదేంటి, అందరూ వారాంతంలోనే కదా నడుపుదామనుకునేది అంటారు. అక్కడే ఉంది అసలు సంగతి.

నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తీసుకోవాలి. రోజుకి 9 గంటల డ్రైవింగు, వారంలో రెండుసార్లు 10 దాకా వెళ్లొచ్చు. ఇవన్నీ ట్రైనింగులో చెబుతారు, నడిపిన గంటల్ని రికార్డు చేసే టాకోగ్రాఫ్ పరికరం కూడా గుర్తు చేస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. లారీ నడిపే వారంలో మీరు ఆఫీసులో చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. జీతం వేరే కంపెనీ ఇచ్చినా సరే, కుర్చీలోంచి లేవకపోయినా సరే, అది "అదర్ వర్క్". దాన్ని రికార్డు చేయాలి. వారానికి 45 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలి. దాన్ని 24కి తగ్గించుకోవచ్చు గానీ, వరసగా ఏ రెండు వారాలు చూసినా ఒక్కసారైనా పూర్తి 45 పడాలి. తగ్గించిన గంటల్ని తర్వాతి మూడు వారాల్లోపు ఒకేసారి తీర్చాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు చేసి, శని, ఆదివారాలు రెండూ లారీ ఎక్కితే ఆ విశ్రాంతి ఎక్కడి నుంచి వస్తుంది? ఆదివారం వదిలేసినా, ప్రతి శనివారం పూర్తి షిఫ్టు చేయడం కుదరదు.

నేను బుధవారం సాయంత్రం అయిదింటికల్లా లాప్‌టాప్ మూసేస్తాను. గురువారం తెల్లవారుజామున అయిదింటికి యార్డులో ఉండాలంటే మధ్యలో 11 గంటల రోజువారీ విశ్రాంతి పడాలి.

మొదట్లో లారీ కంపెనీలకు డ్రైవర్లను పంపే ఒక ఏజెన్సీ మనిషి నాతో, "మీ ఆఫీసు పని సంగతి మేం అడగం, మీరు చెప్పనక్కర్లేదు" అన్నాడు. ఆ పని వద్దనుకున్నాను. చేతికొచ్చిన షిఫ్టులు పోయాయి. పోతే పోయాయి. నిండా లోడుతో 44 టన్నుల దాకా ఉండే బండి మోటర్‌వే మీద గంటకు 56 మైళ్ల వేగంతో పోతుంటే, ముందున్న కారులో పిల్లలు ఉంటారు. స్టీరింగు ముందు రెప్ప పడే మనిషిని అక్కడ కూర్చోబెట్టే హక్కు ఆ ఏజెన్సీకీ లేదు, నాకూ లేదు.

ఈ పని ఎంత శ్రద్ధ అడుగుతుందో ట్రైలర్ తగిలించేటప్పుడు తెలుస్తుంది. బండిని మెల్లగా వెనక్కి తెస్తే కింగ్‌పిన్, అంటే ట్రైలర్ కింద ఉండే ఇనుప పిన్ను, బండి వెనకున్న గాడిలోకి వెళ్లి "ఠక్" మని పడుతుంది. ఆ శబ్దాన్ని నమ్మకూడదు. కొద్దిగా ముందుకు లాగి చూడాలి, దిగి టార్చిలైటు పట్టుకుని కిందికి వంగాలి. ఆ పిన్నును పట్టుకునే దవడ పూర్తిగా మూసుకుందా? అది తెరుచుకోకుండా క్లిప్పు పెట్టామా? ఆ తర్వాత ఎర్ర గాలి గొట్టం, పసుపు గొట్టం, కరెంటు తీగలు. ట్రైలర్ నిలబడే కాళ్లు పైకి తిప్పాలి, దాని వెనక మన బండి నంబర్ ప్లేటు పెట్టాలి. క్యాబులో ఎత్తు రాసిన బోర్డు ఈ ట్రైలర్‌దేనా, నిన్నటిదా అని చూసుకోవాలి, ఎందుకంటే దారిలో తక్కువ ఎత్తు రైలు వంతెన రావచ్చు. మొదటి నెలలో గేటు దాటకముందే ఆపి, దిగి, క్లిప్పు మళ్లీ చూసేవాణ్ణి. ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను. అలసిపోయిన మనిషి ఒక్కసారే చూస్తాడు.

అందుకే నా సలహా ఇది: ముందు ఆఫీసు రోజులు తగ్గించుకోండి, ఆ తర్వాతే లైసెన్సుకి డబ్బు కట్టండి. 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే పని వేళలు మార్చమని అడిగే హక్కు ఉంది. అడగండి, కాదంటే ఆగండి. రెండో ఉద్యోగానికి మీ కాంట్రాక్టు ఒప్పుకుంటుందో లేదో చూడండి. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు వీసా షరతులు చదవకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. మన దేశంలో హెవీ లైసెన్సు ఉన్నా ఇక్కడ మార్చివ్వరు, మొదటి నుంచి రావాల్సిందే: డాక్టరు పరీక్ష, థియరీ, సీపీసీ (లారీ డ్రైవరు వృత్తికి కావాల్సిన అర్హత), రోడ్డు టెస్టు. షుగరుకి ఇన్సులిన్ వాడేవాళ్లకు అదనపు షరతులున్నాయి, ముందే కనుక్కోండి. లైసెన్సు వచ్చాక కూడా అయిదేళ్లకోసారి 35 గంటల శిక్షణ తప్పదు.

ఇక పరువు సంగతి. "ఇంత చదివి లారీయా?" అని మన ఫంక్షన్లలో నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇంట్లో బియ్యం దగ్గర్నుంచి సోఫా దాకా ఏదో ఒక లారీలోనే వచ్చాయి. నాకు ఆ మాట మీద కోపం రాదు గానీ, దానికి భయపడి ఈ పనిని దొంగచాటుగా, ఆఫీసుకి తెలియకుండా, నిద్ర మానుకుని చేసే కుర్రాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. సిగ్గుపడి పనిని దాచేవాళ్లు దాని గంటల్నీ దాస్తారు.

నేనూ అమ్మకు చెప్పడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాను. చదువు సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "రాత్రి సరిగ్గా పడుకుంటున్నావా నాన్నా?" అంది. పడుకుంటున్నానమ్మా అని చెప్పాను.