చెయ్యి ఆగకపోవడం: వ్యసనమా, రుగ్మతా?

పెద్దవాళ్లలో కనిపించే తిండి వ్యసనం, బింజ్ ఈటింగ్ (కొద్దిసేపట్లోనే అదుపు తప్పి విపరీతంగా తినడం) ఒకటేనా, వేరువేరా అన్న ప్రశ్న మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి రాసిన వాదం ఇది. ఇద్దరూ కల్పితులే. ఒకరు వ్యసన విముక్తి చికిత్స చేసే మానసిక వైద్యుడు, మరొకరు ఆహార సంబంధ రుగ్మతలను చూసే మనస్తత్వ నిపుణురాలు. నా మొగ్గు ఎటో ఎలాగూ తెలిసిపోతుంది కాబట్టి దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

వైద్యుడు: మేడమ్, మీ దగ్గరికి వచ్చే మనిషినే ఒకసారి తలుచుకోండి. ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో లైటు కూడా వేయకుండా, ఫ్రిజ్ వెలుగులోనే నిలబడి ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీస్తారు. కడుపులో చోటు లేదని తెలుస్తూనే ఉంటుంది, చెంచా మాత్రం ఆగదు. తెల్లవారాక ఖాళీ డబ్బాను చెత్తబుట్టలో పాత కాగితాల కింద దాచేస్తారు. సీసాతో ఇదే పని చేసేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. ఆ దొంగచాటుతనం, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకోవడం, మూడో రోజుకల్లా ఆ ఒట్టు తీసి గట్టున పెట్టడం, అన్నీ అవే.

నిపుణురాలు: పోలిక ఉందని నేనూ ఒప్పుకుంటాను, డాక్టర్ గారూ. అయితే పోలికను చూసి జబ్బుకు పేరు పెట్టలేం కదా. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలో బింజ్ ఈటింగ్ విడి రుగ్మతగా చేరింది. రెండు గంటల వంటి కొద్ది వ్యవధిలో, అదే పరిస్థితిలో ఎక్కువమంది తినగలిగిన దానికన్నా స్పష్టంగా ఎక్కువ తినడం, తింటున్నంతసేపూ ఇది తన చేతిలో లేదనిపించడం, ఆ తీరు తీవ్రమైన మనస్తాపం కలిగించడం, ఇదంతా సగటున వారానికి ఒకసారైనా మూడు నెలలపాటు సాగడం దాని ముఖ్య లక్షణాలు. తిన్నదాన్ని కక్కేయడం వంటివి పదేపదే జరుగుతుంటే అది బులీమియా అనే మరో రుగ్మత అవుతుంది. తిండి వ్యసనం అనే పేరు మాత్రం ఆ గ్రంథంలో లేదు.

వైద్యుడు: గ్రంథంలో లేదని జబ్బే లేదనగలమా? అమెరికా మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ బింజ్ తిండిని 1959లోనే వర్ణిస్తే, దానికి పూర్తి గుర్తింపు రావడానికి 54 ఏళ్లు పట్టింది. తిండి వ్యసనానికి కొలమానం లేకపోలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆష్లీ గేర్‌హార్ట్ బృందం 2009లో ఒకటి తయారుచేసి, 2016లో సవరించింది. మత్తు పదార్థాల వ్యసనాన్ని గుర్తించే 11 లక్షణాలనే తిండికి అన్వయించి, సవరించిన రూపంలో 35 ప్రశ్నలు అడుగుతారు. స్థూలకాయంతో పాటు బింజ్ రుగ్మత కూడా ఉన్న 81 మందిని 2012 నాటి అధ్యయనంలో ఆ కొలమానం తొలి రూపంతో పరీక్షిస్తే 57 శాతం మంది వ్యసనం గీత దాటారు.

నిపుణురాలు: మిగిలిన 43 శాతం మందిని ఏ గదిలో కూర్చోబెడదాం? ఇలాంటి రోగులతోనే జరిగిన మరో అధ్యయనంలో ఆ 57 కాస్తా 41.5కి దిగింది. పైగా చెయ్యి ఆగుతోందా లేదా అన్న ప్రశ్న రెండు పరీక్షల్లోనూ ఉంది. ఒకే ప్రశ్నను రెండు కాగితాల మీద అడిగి, జవాబులు కలిశాయని ఆశ్చర్యపోతే ఎలా? ఇటువైపు నుంచి కూడా చూడండి. బల్ల సొరుగు సగం తెరిచి ఉంచుకుని, పని చేసుకుంటూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది నిమిషాలకొక బిస్కెట్ నోట్లో వేసుకునే మనిషి ఉంటాడు. ఎన్నిసార్లు మానాలనుకున్నా మానలేడు, లేకపోతే చిరాకు పడతాడు. మీ కొలమానంలో అతనికి వ్యసనం ఉన్నట్టు తేలవచ్చు, కానీ అతని రోజులో బింజ్ అనదగ్గ ఘట్టం ఒక్కటీ ఉండదు.

వైద్యుడు: సరే, వలయాలు రెండని ఒప్పుకుందాం. కానీ ఆ రెండింటి మధ్యలో పడే వస్తువును మీరు వదిలేస్తున్నారు. ఉడికించిన కూరగాయల ముందు చెయ్యి ఆగలేదని ఏడ్చినవాళ్లు మీ దగ్గరికి ఎంతమంది వచ్చారు? అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2019లో 20 మంది పెద్దవాళ్లకు రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు అంతగా ప్రాసెస్ చేయని ఆహారం పెట్టింది. వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేట్టు చూసినా, ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు ఎక్కువ తిన్నారు.

నిపుణురాలు: ఎక్కువ తినడం వేరు, వ్యసనం వేరు. ఎలుకల ప్రయోగాలను చూడండి. గంటల తరబడి తిండి ఆపి, ఆ తర్వాత కొన్ని గంటలు చక్కెర నీళ్లు పెట్టినప్పుడే వాటిలో వ్యసనం లాంటి ప్రవర్తన బయటపడింది. ఎప్పుడూ అందుబాటులో ఉంచితే పడలేదు. మనుషుల సంగతికి వస్తే, 1944-45లో అమెరికాలోని మినెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టారు. ఆంక్ష ఎత్తేశాక వారిలో కొందరు కడుపు నిండినా ఆకలి తీరలేదంటూ ఆపకుండా తిన్నారు. వాళ్లను అలా మార్చింది ఏ పదార్థమూ కాదు, లేమి. మీ వైద్యంలో మొదటి సూత్రం 'చుక్క కూడా ముట్టవద్దు' కదా, అదే సూత్రం నా రోగికి నిప్పులో నెయ్యి. ఒక్క బిస్కెట్ తినగానే 'ఎలాగూ చెడింది' అనుకుని పొట్లం మొత్తం ఖాళీ చేస్తుంది. మర్నాడు పశ్చాత్తాపంతో ఉపవాసం చేస్తుంది, రాత్రికి మళ్లీ ఫ్రిజ్ ముందు నిలబడుతుంది.

వైద్యుడు: అయినా 'ఒక్క ముక్క తింటే అక్కడితో ఆగను' అనేవాళ్ల మాట మీరు కొట్టిపారేయలేరు. 1960 నుంచి నడుస్తున్న, అతిగా తినేవాళ్లు ఒకరికొకరు తోడ్పడే ఓవరీటర్స్ అనానిమస్ సంఘాల్లో, కొన్ని పదార్థాలను పూర్తిగా మానేశాకే ప్రాణం కుదుటపడిందని చెప్పేవాళ్లున్నారు. ఇక మందు సంగతి. పెద్దవాళ్లలో బింజ్ రుగ్మతకు 2015లో అమెరికా అనుమతించిన లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ పనిచేసేది మెదడులో సందేశాలు మోసే డోపమైన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాల మీదే కదా?

నిపుణురాలు: ఆ మందు ఆకలిని కూడా చంపుతుంది. పారాసెటమాల్‌తో తగ్గాయని జ్వరాలన్నీ ఒకటేనంటామా? సంఘాలకు వెళ్లినవారి మాటను మాత్రం నేను తోసిపుచ్చను. అయితే ఒక విషయం గమనించండి. నా రోగుల్లో చాలామందికి తిండి గొడవ కన్నా ముందు అద్దంతో గొడవ మొదలవుతుంది. బరువు మీద, ఒంటి తీరు మీద ఉన్న ఆ తీర్పే వాళ్ల చేత అన్నం మానిపిస్తుంది. సీసాకు అలవాటు పడ్డవారి కథలో దీనికి సమానమైనది వెతకాలంటే మీరూ కష్టపడాలి. అందుకే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ముందు క్రమంగా తినడం నేర్పుతాం. మూడు పూటల భోజనం, మధ్యలో చిరుతిండి, ఏ రెంటికీ నడుమ నాలుగు గంటలకు మించని ఎడం.

వైద్యుడు: సరే మేడమ్, రేపు ఒక మనిషి వచ్చి మన ఇద్దరి తలుపుల మధ్య నిలబడితే మొదట ఏం అడుగుతారు?

నిపుణురాలు: 'రాత్రి ఎంత తిన్నారు' అని అడగను. 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారు, ఏయే వేళకు తిన్నారు' అని అడుగుతాను.

వైద్యుడు: అన్ని పూటలూ వేళకు తిన్నాననీ, ఆకలే లేదనీ, అయినా ఆ ఒక్క వస్తువు దగ్గరే చెయ్యి ఆగలేదనీ చెబితే?

నిపుణురాలు: రెండు వారాలు ఏం తిన్నదీ రాసుకు రమ్మంటాను. ఆ పుస్తకంలో కూడా అదే కనిపిస్తే, నేనే వెంటబెట్టుకుని మీ గదికి తీసుకొస్తాను.