ముందు నీటికి హద్దులు, తర్వాతే ప్యానెళ్లు

తేలే సోలార్ ప్యానెళ్లతో నాకు పేచీ లేదు. ఎకరం భూమి సేకరించాలంటే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సిన చోట, నీళ్ల మీద కరెంటు తీస్తామంటే వద్దనేవాడెవడు? రామగుండంలో ఎన్టీపీసీ 100 మెగావాట్ల ప్యానెళ్లను నీటి మీద నిలబెట్టింది. సింహాద్రిలో 25 మెగావాట్లు, విశాఖ ముడసర్లోవలో నగరపాలక సంస్థ జీవీఎంసీవి 2 మెగావాట్లు ఉన్నాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ ఏకంగా 160 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన బెజవాడ, గుంటూరు నీళ్ల మీదికీ ఈ ప్యానెళ్లు రేపోమాపో వస్తాయి. రానివ్వండి. కాకపోతే ఏ నీటి మీద ఎంత మేర వేయొచ్చు, ఎక్కడ అసలు వేయకూడదు అన్నది ముందే రాసి ఊరి ముందు పెట్టాలి. మొదటి టెండరు ఆ తర్వాతే పిలవాలి.

మన నిబంధనలన్నీ గట్టు దగ్గరే ఆగిపోతాయి. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు, నగర పరిధిలో నదికి 50 మీటర్లు వదిలి కట్టుకోవాలి. గట్టు పక్కన ప్రహరీ లేపితే టేపు పట్టుకుని వచ్చేస్తారు. గట్టు దాటి లోపలికి దిగితే? ఎఫ్‌టీఎల్ లోపల నిర్మాణాలు వద్దని ఉంది కానీ, ప్లాస్టిక్ తెప్పల మీద తేలే ప్లాంటు నిర్మాణం కిందికి వస్తుందో రాదో ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సిందే. మాస్టర్ ప్లాన్‌లో నీరంతా ఒకటే నీలం రంగు. కేంద్రం వైపు చూద్దామా అంటే, సోలార్ ప్లాంట్లకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహాన్నీ, సాగునీటికి, తాగునీటికి తవ్విన చెరువులనూ నిర్వచనంలోంచే తీసేశాయి. కృష్ణా డెల్టాలో ఇక మిగిలిందేమిటి?

బ్యారేజీ సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ తట్టుకునేలా కట్టిందే 11.9 లక్షలకు. ఆ ఉధృతిలో ఎగువన ఉన్న ఇసుక పడవలు కొట్టుకొచ్చి 67, 69, 70 గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. కుట్రా, నిర్లక్ష్యమా అని పార్టీలు తిట్టుకున్నాయి, ఆ గొడవ నాకు అక్కర్లేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం మర్చిపోలేను. గేట్లకు అడ్డం పడిన ఆ ఇనుప పడవలను భారీ క్రేన్లు కదపలేకపోయాయి. డైవర్లు బురద నీళ్లలోకి దిగి ఇనుమును కోయాల్సి వచ్చింది. రోజుల తరబడి ఊరంతా టీవీల ముందు కూర్చుని అదే చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టగల పడవలకే ఈ గతి.

ఇప్పుడు అదే ఎగువ నీటి మీద వందల ఎకరాల ప్యానెళ్లు ఉన్నాయనుకోండి. రామగుండంలో 100 మెగావాట్లకు 500 ఎకరాల నీళ్లు పట్టాయి, అంటే మెగావాటుకు 5 ఎకరాలు. అక్కడ 40 బ్లాకులుగా విడగొట్టి, రిజర్వాయరు అడుగున దించిన బరువులకు తాళ్లతో కట్టారు. బాగానే నిలిచాయి. నిలవవూ మరి? అది బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, నీరు పెద్దగా కదలదు. కృష్ణకు ఆ మాట చెప్పి చూడండి. బ్యారేజీ దగ్గర నిల్వ 12 అడుగులు, 3.07 టీఎంసీలు. పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తి కిందికి వదలడం తప్ప దాచుకునే చోటు లేదు. అసలు వరదే అక్కర్లేదు. జపాన్‌లో 2019 సెప్టెంబరు తుపానుకు యమకురా డ్యాం మీది 13.7 మెగావాట్ల ప్లాంటులో ప్యానెళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి, మంటలు లేచాయి. అక్కడ గాలి ఒక్కటే చేసిన పని అది. గాలికి వరద కూడా తోడై, ఆ తెప్పలన్నీ ఒక్కసారిగా 70 గేట్ల ముందు పోగుపడితే నీళ్లు ఎటు పోతాయి? ఇటు ఇబ్రహీంపట్నం, భవానీపురం, అటు ఉండవల్లి, రాయపూడి. కృష్ణ నిండితే బుడమేరు డైవర్షన్ కాలువ నీరు నదిలో కలవలేక వెనక్కి తన్నుతుందని సింగ్‌నగర్ వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే మొదటి హద్దు విషయంలో బేరాల్లేవు: పులిచింతల దిగువ నుంచి బ్యారేజీ దాకా నదిలో ఒక్క ప్యానెల్ కూడా వద్దు.

నగరం మధ్య నుంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోనూ తేలే ప్యానెళ్లు కుదరవు. అక్కడ గుర్రపు డెక్క ఎలా పేరుకుంటుందో చూస్తూనే ఉన్నాం. వంతెన స్తంభానికి ఓ కొమ్మ అడ్డం పడితే చాలు, దాని వెనక ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్, పూజ సామాను, ఆపైన పచ్చటి చాప. తెప్పలు కడితే ఆ చాపకు మనమే పందిరి వేసినట్టు. కాలువ మీద ప్యానెళ్లు కావాలంటే గుజరాత్ 2012లో మెహసానా దగ్గర చేసినట్టు గట్టు నుంచి గట్టుకు ఇనుప దూలాలు వేసి పైన పరవొచ్చు. ఖర్చు ఎక్కువ, నిజమే.

గుంటూరు వైపు చెరువుల కథ వేరు. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేసేముందు ఊళ్ల మంచినీటి చెరువులు నింపుకుంటారు. మే వచ్చేసరికి నీరు మధ్యకు చేరుతుంది, చుట్టూ బురద పగుళ్లిస్తుంది. ఫిబ్రవరిలో నీటి మీద హాయిగా తేలిన తెప్పలు అప్పటికి ఏటవాలు గట్టు మీద ఒరిగి కూర్చుంటాయి. కీళ్లు విరిగేది అప్పుడే. కాబట్టి చెరువు నిండుగా ఉన్నప్పటి విస్తీర్ణాన్ని కాదు, నడివేసవిలో మిగిలే నీటినే లెక్కలోకి తీసుకోవాలి. ఇక చేపలు. చేపల కోసం చెరువును వేలం పాట పాడుకున్నవాళ్లు వల ఎక్కడ వేయాలి, పుట్టి ఎటు తిప్పాలి? చేపల చెరువుల మీది ప్యానెళ్లకు తైవాన్ 40 శాతం గీత పెట్టింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు చిన్న చెరువులను 70 శాతం కప్పి చూస్తే నీటిలో ఆక్సిజన్ తగ్గింది, గ్రీన్‌హౌస్ వాయువులు దాదాపు 27 శాతం పెరిగాయి. కాలుష్యం తగ్గుతుందని పెట్టిన ప్యానెళ్ల కింద జరిగిన సంగతి ఇది. చేపల పాట ఉన్న ఊరి చెరువులో మూడో వంతుకు మించి కప్పకూడదు అంటాను. ఉప్పలపాడు లాంటి పక్షుల చెరువుల జోలికి అసలే పోకూడదు. ఆ పెలికాన్లను ఇన్నేళ్లు కాపాడుకున్నది ఆ ఊరివాళ్లు.

ఇవన్నీ పెడితే పెట్టుబడిదారులు పక్క రాష్ట్రానికి పోతారని ఒక వాదన ఉంది. ప్యానెళ్ల నీడకు నీటి ఆవిరి తగ్గుతుంది, నాచు తగ్గుతుంది, నీటి చల్లదనానికి కరెంటు కాస్త ఎక్కువ వస్తుంది, ఇన్ని లాభాలుండగా అడ్డుపుల్లలెందుకు అని కూడా అంటారు. లాభాలు నిజమే. అందుకే నగరపాలక సంస్థల మంచినీటి నిల్వ చెరువుల్లో, కంచె వేసిన పారిశ్రామిక రిజర్వాయర్లలో అనుమతి వారం రోజుల్లో ఇవ్వమంటాను. ఎక్కడ కుదరదో ముందే తెలిస్తే కంపెనీకీ టెన్షన్ తక్కువ. డబ్బు పెట్టాక హైకోర్టు స్టే వస్తే నష్టపోయేది వాళ్లే. చెరువుల ఆక్రమణలు తొలగించాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పిన మాట వాళ్ల లాయర్లకు తెలియనిది కాదు.

ఈ హద్దులు గీసేది ఎవరన్నదే అసలు గొడవ. నాకు తెలిసి సచివాలయంలో ఒక జీవో తయారవుతుంది, 13 వేల పైచిలుకు పంచాయతీలకు ఒకటే కొలత. మన దగ్గర స్థానిక సంస్థ అంటే పైనుంచి వచ్చిన కాగితానికి ముద్ర వేసే కౌంటరు. గుంటూరు నగరం 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గం లేకుండా ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచింది. లక్షల మంది పన్నులు కట్టిన ఊరికి పదేళ్లకు పైగా కౌన్సిల్ లేదు, దాని మీద ఎక్కడా ఉద్యమం లేచిన గుర్తు లేదు. రాజధాని ఎక్కడన్న దాని మీద మాత్రం ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. రాజ్యాంగానికి చేసిన 73, 74వ సవరణలు చిన్న నీటి వనరులు, చేపల పెంపకం, పట్టణ ప్రణాళిక స్థానిక సంస్థల పనులుగా రాసి మూడు దశాబ్దాలు దాటింది. 1997 చట్టం సాగునీటి సంఘాలను పెట్టింది, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. సంఘాలున్నాయి, అధ్యక్షులున్నారు, అడిగేవాళ్లే లేరు. సొంత చెరువు మీద మాట చెల్లని పంచాయతీ రేపు ఇంకే విషయంలో నిలబడి మాట్లాడుతుంది?

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. వచ్చే వేసవిలో కాలువలు కట్టేశాక, చెరువు అడుగు కనిపించే రోజుల్లో, మండల సర్వేయరు, జలవనరుల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ), మత్స్య శాఖ ఉద్యోగి కలిసి గట్టు చుట్టూ తిరిగితే సగం పని అయిపోతుంది. వరద దారి ఎటు, వల వేసే చోటు ఏది, మేలో నీరు ఎక్కడిదాకా తగ్గుతుంది అన్నవి గీసిన పటం పంచాయతీ ఆఫీసు గోడకు, నగరంలో వార్డు సచివాలయం గోడకు అంటించాలి. అభ్యంతరాలకు 30 రోజులు గడువివ్వాలి. ఆపైన గ్రామసభ తీర్మానం, సాగునీటి సంఘం అధ్యక్షుడి సంతకం, చెరువు పాట పాడుకున్న మత్స్యకారుల సొసైటీ సంతకం. ఈ మూడింట్లో ఏది లేకపోయినా కలెక్టరేట్‌లో ఆ ఫైలు తీసుకోకూడదు.