ర్యాంకు ఉండగా సిలబస్ ఎందుకు?

విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే ముందు కోర్సులనూ, ప్రవేశ అర్హతలనూ పోల్చి చూసుకోవాలని కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. విద్యార్థుల తీరిక మీద జరుగుతున్న ఈ దాడిని ఖండించకుండా ఊరుకోవడం భావ్యం కాదు. ఎక్కడ చదవాలో తేల్చడానికి ర్యాంకుల జాబితా ఉంది. వేలితో రెండుసార్లు పైకి తోస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. నాలుగు రాత్రులు కూర్చుని, రివ్యూలన్నీ చూసి, తెలిసినవాళ్లందరినీ అడిగి తేల్చుకోవాల్సిన విషయం ఫోన్ కొనడమే తప్ప ఇది కాదు.

ర్యాంకు ఎంత శాస్త్రీయమో చూడండి. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు వేసే షాంఘై జాబితా 2003 నుంచి వస్తోంది. అందులో 30 శాతం మార్కులు పూర్వ విద్యార్థులకూ, అధ్యాపకులకూ వచ్చిన నోబెల్, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పురస్కారాలను బట్టి వేస్తారు. ఆ నోబెల్ గ్రహీత మన క్లాసుకు వస్తాడా అని అడగడం సంస్కారం కాదు. ఆయన నడిచిన వరండాలో మనమూ నడుస్తాం, చాలదా? క్యూఎస్ అనే మరో ర్యాంకుల జాబితాలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు విద్యారంగంలో ఉన్న పేరుకు. ఆ పేరును సర్వే చేసి తెలుసుకుంటారు. అంటే పేరున్న చోటికి ర్యాంకు వస్తుంది, ర్యాంకు వచ్చిన చోటికి పేరు వస్తుంది. మధ్యలో సిలబస్ దూరడానికి సందు లేదు.

గిట్టనివాళ్లు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం సంగతి ఎత్తుతారు. 2022లో అక్కడి గణిత ఆచార్యుడే తమ సంస్థ ర్యాంకు కోసం ఇచ్చిన లెక్కలు తేడాగా ఉన్నాయని బయటపెట్టారు. అమెరికా జాబితాలో 2వ స్థానంలో ఉన్నది ఆ ఏడాదే 18కి దిగింది. క్లాసులో పాఠం మాత్రం పదహారు మెట్లు దిగినట్టు ఒక్క విద్యార్థీ గమనించకపోవడం శోచనీయం.

ఇక కోర్సు పేరు. 'డేటా సైన్స్' అని ఉంటే అది డేటా సైన్సే. ఒకచోట స్టాటిస్టిక్స్ విభాగం నడుపుతుంది, మొదటి సెమిస్టర్‌లోనే ప్రాబబిలిటీ సిద్ధాంతాలు నిరూపించమంటుంది. ఇంకోచోట బిజినెస్ స్కూల్ నడుపుతుంది, ఉద్యోగానుభవం అడుగుతుంది, సగం రోజులు ప్రెజెంటేషన్లతో గడిచిపోతాయి. ఈ తేడా సబ్జెక్టుల జాబితా తెరిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కానీ చేరాక తెలుసుకుంటే అందులో ఉండే ఉత్కంఠే వేరు. పైగా జాబితా తెరిచినవాడికి కొత్త కష్టాలు మొదలవుతాయి. మనం ఏ ఒక్క సబ్జెక్టు కోసం అక్కడికి వెళ్లాలనుకున్నామో, దాని పక్కనే 'ప్రతి ఏడాదీ ఉండకపోవచ్చు' అని రాసి ఉంటుంది. చూడకపోతే నిద్రైనా పట్టేది.

కోర్సులో చదువు ఎంతో కొలిచే క్రెడిట్లు లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు, పాపం. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు మామూలుగా 180 క్రెడిట్లు. జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్‌కు 120. నూట ఎనభై పెద్దది, లెక్క తేలిపోయింది, పైగా ఏడాది మిగిలింది. బ్రిటన్ క్రెడిట్లు రెండైతే యూరప్ క్రెడిట్ ఒకటని, ఆ 180 జర్మనీ లెక్కలో 90 అవుతుందని గొణిగేవాళ్ల మాట పట్టించుకుంటే ఎవరికైనా టెన్షనే.

ప్రవేశ అర్హతల పేజీ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఇంగ్లిష్ పరీక్ష స్కోరు దగ్గర 'ఐఈఎల్‌టీఎస్ 6.5' వరకు చదివి ఆగడం ఆరోగ్యకరం. ఆ తర్వాత కామా పెట్టి, 'ఏ విభాగంలోనూ 6కు తగ్గరాదు' అంటారు. మొత్తం మీద 7 వచ్చి రైటింగ్‌లో 5.5 వచ్చినవాడు ఆ కామా దాటి చదివితే ఏమైపోవాలి? ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుందని, పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ అయితే ఐదేళ్లని గుర్తుపెట్టుకోవడం వల్ల తేదీల మీద అనవసరమైన మమకారం పెరుగుతుంది. ఒకే ఏడాది డిగ్రీకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ దరఖాస్తు చేయకూడదన్న నిబంధన కూడా ముందే చదివేస్తే ఆశ్చర్యపోయే అవకాశం చేజారుతుంది.

'కనీస అర్హత' అన్న మాటనూ అపార్థం చేసుకుంటున్నారు. కనీసం ఉంటే సీటు వస్తుందని దాని అర్థం, అంతే. నిరుడు చేరినవాళ్ల సగటు మార్కులు అదే పేజీలో కింద ఎక్కడో ఇస్తారు గానీ, వాళ్ల సంగతి మనకెందుకు? ఇతరుల మార్కులు చూడటం మర్యాద కాదు. అలాగే గడువు. దరఖాస్తుకు ఒక తేదీ, స్కాలర్‌షిప్ అడిగేవాళ్లకు చాలాచోట్ల అంతకంటే ముందే మరో తేదీ, రెండూ ఆ దేశపు గడియారం ప్రకారం. ఇంత పట్టింపు ఉన్న చోట చదువు ఎలా సాగుతుందో అనుమానమే.

వీటన్నిటికీ బదులు సులువైన దారి ఒకటుంది. పేజీలో ఉన్న ప్రశ్ననే అడ్మిషన్ ఆఫీసుకు ఈమెయిల్‌లో అడగడం. రెండు వారాల తర్వాత వాళ్లు ఎంతో మర్యాదగా అదే పేజీ లింకు పంపుతారు. అప్పటికి గడువు దాటిపోతుంది కనుక చదవాల్సిన పని కూడా ఉండదు.

ఇంత చేసినా సీటు రాకపోతే? దిగులు పడొద్దు. తిరస్కరణ ఉత్తరంలో చాలా విశ్వవిద్యాలయాలు కారణం రాయవు. 'ఈ ఏడాది అర్హులైన అభ్యర్థులు చాలామంది ఉన్నారు' అని మాత్రమే ఉంటుంది. దాన్ని ఇంట్లో వాళ్లందరికీ చదివి వినిపించండి. దరఖాస్తు ఫీజు తిరిగి ఇవ్వరన్న వాక్యం ఆ ఉత్తరంలో ఉండదు. అది మనం చదవని పేజీలోనే భద్రంగా ఉంది.