ట్యాంకర్ నీళ్లూ, మిలియన్ డాలర్ల ఇళ్లూ

ఎడారిలో ఇల్లు కొనుక్కున్నవాళ్లని చూసి లోకం ఊరికే నవ్వుతోంది, నాకు మాత్రం వాళ్ల మీద అపారమైన గౌరవం. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కి ఈశాన్యంగా, స్కాట్స్‌డేల్ అనే సిటీ పొలిమేర దాటగానే రియో వెర్డే ఫుట్‌హిల్స్ అని ఒక చోటుంది. చుట్టూ కొండలు, వాకిట్లో నిలువెత్తు సగువారో కాక్టస్, గుర్రాలు పెంచుకునేంత జాగా, సిటీ పన్నుల్లేవు. ఇన్ని ఉన్నాక కుళాయిలో నీళ్లు కూడా కావాలనడం అత్యాశ కాదూ?

చట్టం పాపం మంచిదే. 1980 నాటి భూగర్భజల చట్టం ప్రకారం ఇక్కడ భూమిని ఆరు ప్లాట్లు, అంతకుమించి చేసి అమ్మాలంటే వందేళ్లకు సరిపడా నీళ్లున్నాయని చూపించాలి. ఐదైతే అక్కర్లేదు. అంతే, ఒకాయన ఐదు చేశాడు, ఆ పక్కాయన ఇంకో ఐదు, అలా ఐదులు కలిసి ఊరైపోయింది. ఐదు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు, అరిజోనాలో రియల్టర్ అయిపోవచ్చు.

బోరు పడనివాళ్లకి, పడ్డా ఎండిపోయినవాళ్లకి స్కాట్స్‌డేల్ నుంచి ట్యాంకర్లొచ్చేవి. మాకు నీళ్లొచ్చే కొలరాడో నది తగ్గిపోతోంది, ముందు మా ఊరివాళ్లకే అని ఆ సిటీ చాలా ముందునుంచే చెబుతూ వచ్చి, 2023 జనవరి 1న ఆపేసింది. చెప్పినంత మాత్రాన వినాలా? మనమే ఒక నీటి బోర్డు పెట్టుకుందామని అంతకుముందు కొందరు అడిగితే, ఇంకో ప్రభుత్వ పెత్తనం మాకొద్దని ఇరుగుపొరుగువాళ్లే అడ్డం తిరిగారు, 2022లో కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా కుదరదంది. తీరా నీళ్లు ఆగాక పేపర్ ప్లేట్లలో తింటూ, వాననీళ్లు పట్టి టాయిలెట్లో పోసుకుంటూ, ప్రభుత్వం ఏం చేస్తోందని కోర్టుకెక్కారు. స్వేచ్ఛంటే అదీ!

ఈ ప్రాంతం ఆలోచనే అంత. దగ్గర్లోనే ఫౌంటెన్ హిల్స్‌లో 1970లో రాబర్ట్ మెకల్లక్ అనే ఆసామి 560 అడుగులు ఎగిరే ఫౌంటెన్ పెట్టించాడు, ఎడారి మధ్యలో. (శుద్ధి చేసిన మురుగునీరేలెండి, కంగారుపడకండి.) లండన్ బ్రిడ్జిని కొని రాయి రాయి తెప్పించి లేక్ హవాసు సిటీ అనే ఊళ్లో పొడినేల మీద నిలబెట్టి, ఆ తర్వాత కింద కాలువ తవ్వించిందీ ఆయనే. ముందు వంతెన, తర్వాత నీళ్లు. ఇప్పుడు ముందు ఇళ్లు, తర్వాత నీళ్లు. సంప్రదాయం తప్పారని ఎవరనగలరు?

చివరికి 2023లో రాష్ట్రం చట్టం చేసి, వద్దు మొర్రో అన్న పెత్తనంతోనే స్కాట్స్‌డేల్ చేత కొన్నాళ్లపాటు మళ్లీ నీళ్లిప్పించింది.

ఇదంతా హైదరాబాద్‌లో నిజాంపేటలో ఉండే మా పిన్ని కొడుక్కి చెబితే, "అన్నా, ఈ మాత్రం దానికి అమెరికా ఎందుకు, మా అపార్ట్‌మెంట్‌కీ వారానికి నాలుగు ట్యాంకర్లొస్తాయిగా" అన్నాడు. వాడికేం తెలుసు? వాళ్ల ట్యాంకర్‌కి మౌంటెన్ వ్యూ ఉందా?