జన్యువుకు లేని గోడలు మన విశ్వవిద్యాలయాలకు ఎందుకు?

జన్యువును కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో సికిల్ సెల్ వ్యాధికి రూపొందిన తొలి చికిత్స ‘క్యాస్‌జెవీ’కి 2023 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబమసూరి జన్యువును సవరించి తయారుచేసిన ‘డీఆర్‌ఆర్ ధాన్ 100’ను 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో విడుదల చేశారు. ఒకదాన్ని మనం వైద్య వార్తగా చదివాం, మరొకదాన్ని వ్యవసాయ వార్తగా చదివాం. నిజానికి ఆ రెండూ ఒకే వార్త.

తల్లి కడుపులో ఉన్నప్పుడు శిశువు రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు బీసీఎల్11ఏ అనే జన్యువు దానికి బ్రేకు వేస్తుంది, పెద్దల హిమోగ్లోబిన్ ఆ స్థానంలోకి వస్తుంది. సికిల్ సెల్ రోగిలో దెబ్బతిన్నది ఈ రెండోది. కనుక రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, వాటిలో ఆ బ్రేకు పడకుండా కత్తిరించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తే పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. వరిలో జరిగిందీ ఇదే. వెన్నులో గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ హార్మోన్‌ను విరిచే ఎంజైమును సీకేఎక్స్2 అనే జన్యువు తయారుచేస్తుంది. ఆ జన్యువు నోరు నొక్కేస్తే హార్మోన్ మిగులుతుంది, గింజలు పెరుగుతాయి. అదే రోజు విడుదలైన రెండో రకం ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ మన మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. అందులో కూడా కరవునూ చౌడునూ తట్టుకొనే శక్తికి అడ్డుపడే జన్యువునే తొలగించారు. పశువుల్లో ఈ పనిని ప్రకృతి ఎప్పుడో చేసిపెట్టింది. బెల్జియన్ బ్లూ జాతి పశువులు గుట్టల్లా కండ పట్టడానికి కారణం, కండ పెరుగుదలకు బ్రేకు వేసే మయోస్టాటిన్ జన్యువు వాటిలో చెడిపోవడమేనని 1997లో తేలింది. అదే జన్యువు చెడిన జర్మనీ పసివాడి తొడలూ భుజాలూ పుట్టుకతోనే కండలు తిరిగి ఉన్నాయని 2004లో వైద్యులు ప్రకటించారు.

మనిషి, మొక్క, పశువు అన్న తేడా లేకుండా ఆలోచన ఒక్కటే: కావలసిన గుణాన్ని కొత్తగా తెచ్చిపెట్టనక్కర్లేదు, దాన్ని అణచిపెడుతున్న జన్యువును తొలగిస్తే చాలు. అయితే మన రాష్ట్రాల్లో జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థి ఈ మూడు ఉదాహరణలనూ ఒకే తరగతి గదిలో వినే అవకాశం దాదాపు లేదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు పంటలూ పశువులూ ఒకే గొడుగు కింద ఉండేవి. 1986లో వైద్య విద్యకు విజయవాడలో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. 2005లో పశువైద్యాన్ని విడదీసి తిరుపతికి తీసుకువెళ్లారు. రాష్ట్ర విభజన తరువాత ఇవన్నీ రెండేసి అయ్యాయి. పరిపాలనకు ఈ విభజన ఎంత సౌకర్యమో తెలియదు గాని, జన్యుశాస్త్రానికి మాత్రం ప్రతి విభజనా ఒక కొత్త గోడ. హైదరాబాద్‌నే చూడండి. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలిలో పశు జీవసాంకేతిక సంస్థ, రాజేంద్రనగర్‌లో వరి, పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్: ఇన్ని ఒకే నగరంలో ఉన్న చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు. ఒక సిటీ బస్సు పాసుతో చుట్టిరాగల దూరాన్ని పరిశోధక విద్యార్థి ఐదేళ్లలో ఒక్కసారి కూడా దాటకుండా పట్టా పుచ్చుకుంటున్నాడు.

ఈ గోడల వల్ల జరుగుతున్న నష్టం ఎలాంటిదో మేనరికం లెక్కలో కనిపిస్తుంది. దగ్గరి బంధువులకు పుట్టిన బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశాన్ని కొలిచే సూత్రాన్ని 1922లో సూయల్ రైట్ ఇచ్చాడు. ఆయన వైద్యుడు కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో గినీ పందుల సంకరాలనూ షార్ట్‌హార్న్ పశువుల వంశావళినీ పరిశీలిస్తున్న ఉద్యోగి. ఆ సూత్రం ప్రకారం బావామరదళ్ల బిడ్డకు ఆ అవకాశం 16లో ఒకటి, మేనమామకు అక్క కూతురినిస్తే పుట్టే బిడ్డకు 8లో ఒకటి. ఇప్పుడు ఒక రోగ జన్యువు సమాజంలో నూటికి ఒక ప్రతిలో ఉన్నదనుకుందాం. బంధుత్వం లేని దంపతుల బిడ్డల్లో 10,000 మందికి ఒకరు ఆ వ్యాధితో పుడతారు. బావామరదళ్ల బిడ్డల్లో ఆ సంఖ్య 7కు చేరుతుంది, మేనమామ పెళ్లిళ్లలో 13 దాటుతుంది. వ్యాధి ఎంత అరుదైనదైతే ఈ తేడా అంత పెద్దది.

ఈ లెక్క మన ముగ్గురు పరిశోధకులకూ తెలుసు, కాని ఎవరి గదిలో వారికి. వరి శాస్త్రవేత్త తన మొక్కను తరతరానికీ దానితోనే సంపర్కం చేయించి, ఏడెనిమిది తరాల్లో స్థిరమైన రకాన్ని సాధిస్తాడు. అతనికి ఇది పనిముట్టు. పలమనేరులో పుంగనూరు పశువులను కాపాడుతున్న పశు శాస్త్రవేత్తకు ఇది రోజువారీ గండం. మంద చిన్నది కనుక ఏ ఆబోతును ఏ ఆవుకు కలపాలో, ఏది ఏ ఆబోతు కూతురో పుస్తకంలో రాసిపెట్టుకోకపోతే జాతి లోపలి నుంచే కూలిపోతుంది. వైద్య కళాశాల విద్యార్థి మాత్రం ఇదే విషయాన్ని వంశవృక్షంలో బంధువులైన దంపతుల మధ్య గీసే జంట గీతగా నేర్చుకొని, పరీక్షలో రాసి, ముందుకు వెళ్లిపోతాడు. మేనరికాలు ఇంతగా ఉన్న తెలుగు నేల మీద ఆ జంట గీత వెనుక ఉన్న బరువు తెలియాల్సింది అందరికంటే అతనికే. పుంగనూరు మంద పుస్తకం దగ్గర నాలుగు నెలలు కూర్చున్నవాడు ఆ గీతను జన్మలో తేలిగ్గా గీయడు.

ఒక రంగం ఆవిష్కరణ మరో రంగానికి మందు అయిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉన్నాయి. పెటూనియా పువ్వుకు రంగు చిక్కబరచాలని 1990లో అదనపు జన్యువును చేర్చితే పువ్వు తెల్లబోయింది. ఆ వింతకు మూలం, అంటే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ జన్యువు నోరు నొక్కేస్తుందన్న సంగతి, 1998లో మట్టిలో బతికే ఒక నులిపురుగులో తేలింది, దానికి 2006లో నోబెల్ వచ్చింది, 2018 నాటికి అది నరాల్లో ప్రొటీను పేరుకుపోయే వంశపారంపర్య అమిలాయిడోసిస్‌కు పటిసిరాన్ అనే మందుగా రోగి చేతికి అందింది.

అందుకే జన్యుశాస్త్ర పరిశోధక విద్యార్థి పంట, పశువు, మనిషి మూడింటి దగ్గరా కొంతకాలం పనిచేయాలంటాను. దీనికి నిపుణులు చెప్పే అభ్యంతరం నాకు తెలియనిది కాదు. పీహెచ్‌డీ అంటే లోతు, ఒక్క జన్యువు స్వభావం తెలుసుకోవడానికే ఐదేళ్లు చాలవు, మూడు చోట్లకూ తిప్పితే విద్యార్థి రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు, పైగా ఉద్యోగ ప్రకటనలన్నీ విడివిడి శాఖల పేరనే వస్తాయి అంటారు. చివరి మాట నిజం. అయితే మార్చవలసింది ఆ ప్రకటనలనే. ఇక లోతు సంగతి. నేను కోరుతున్నది మూడు సిద్ధాంత గ్రంథాలు కాదు. తొలి ఏడాదిలో పంట, పశువు, మానవ వ్యాధి ప్రయోగశాలల్లో నాలుగేసి నెలలు పనిచేసి, ఆ తరువాత ఒక్కదాన్ని ఎంచుకోవాలి. పర్యవేక్షక సంఘంలో మిగిలిన రెండు రంగాల నుంచి ఒక్కొక్కరు తప్పనిసరిగా ఉండాలి. విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం కుదిరితే దీనికి కొత్త భవనం గాని కొత్త చట్టం గాని అవసరం ఉండదు.

గోడల గురించి మాట్లాడుతూ వాటన్నిటికంటే ఎత్తైన గోడను వదిలేయలేను. అది భాష. దక్షిణాసియాలోని 81 సమూహాలు ఫిన్లాండ్ ప్రజలకంటే, ఐరోపా మూలాల అష్కెనాజీ యూదులకంటే ఇరుకైన వంశమూలాల నుంచి, అంటే కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చాయని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వెలువడిన పరిశోధన చెప్పింది. అంటే ఒక్కొక్క సమూహానికీ తనదైన వ్యాధుల జాబితా ఉండే అవకాశం ఎక్కువ, పరీక్షించి నివారించే అవకాశం కూడా ఎక్కువే. ఇలాంటి పరిశోధనలకు రక్తమిచ్చిన మన కుటుంబాలు తెలుగులో మాట్లాడతాయి, తెలుగులోనే సంబంధాలు ఖాయం చేసుకుంటాయి. ఫలితం మాత్రం వారికి అందని భాషలో అచ్చవుతుంది. జన్యుశాస్త్ర సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం, నమూనాలిచ్చినవారు చదివి అర్థం చేసుకోగల తెలుగులో ఉండాలి, మౌఖిక పరీక్షలో దాని మీద కూడా ప్రశ్నలు వేయాలి. పరిశోధకుడు తనకు నిజంగా ఎంత అర్థమైందో తేలేది కూడా అక్కడే.

నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని పశువైద్యం చదివి, తరువాత మానవ జన్యు వ్యాధుల వైపు వచ్చింది. తలసీమియాతో నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటున్న ఒక పిల్లవాడి ఇంటికి ఆమెతో కలిసి వెళ్లాను. తనకూ భర్తకూ ఏ జబ్బూ లేనప్పుడు బిడ్డకెలా వచ్చిందని తల్లి అడిగింది. విద్యార్థిని వంశవృక్షం కాగితం పక్కన పెట్టి, గూట్లో ఉన్న అష్టాచెమ్మా చింతపిక్కలు అడిగి తీసుకుంది. ఒకవైపు అరగదీసినవి, తెలుపు ఒకవైపు, నలుపు ఒకవైపు. రెండు పిక్కలు తల్లి చేతిలో పెట్టి, ఒకటి మీరు, ఒకటి మీ ఆయన, రెండూ నలుపు పడితేనే జబ్బు, ఒకటే నలుపు పడితే బిడ్డ మీలాగే ఆరోగ్యంగా తిరుగుతుంది గాని నలుపు లోపల ఉంటుంది, ప్రతి కాన్పుకూ పిక్కలు మళ్లీ కొత్తగా వేయాల్సిందే అని చెప్పింది. తల్లి ఐదారుసార్లు వేసింది. ఓసారి రెండూ నలుపు పడ్డాయి. పిక్కలను అలాగే చూస్తూ కాసేపు కూర్చుని, “డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయిని మా తమ్ముడికే ఇద్దామనుకుంటున్నాం అమ్మా, వాళ్లిద్దరికీ ఈ పరీక్ష ఎక్కడ చేస్తారు?” అని అడిగింది.