పొద్దుటి కంచంపై ఏకసభ్య విచారణ

మా ఇంట్లో పదహారేళ్ల పౌరుడొకడు పొద్దున్నే ఏమీ తినకుండా బడికి పరుగెడుతున్నాడన్న ఫిర్యాదుపై ఏకసభ్య విచారణ సంఘం ఏర్పాటైంది. ఆ సభ్యుణ్ణి నేనే. నిందితుడి కన్నతండ్రినీ నేనే కనుక నిష్పాక్షికతకు లోటేమీ లేదు.

ముందుగా శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచాను. ఫిన్లాండ్‌లో వేలమంది 16 ఏళ్ల కవలలనూ వారి తల్లిదండ్రులనూ ఇదే సంగతి అడిగి, 2004లో ఫలితాలు ప్రకటించారు. లెక్క తెలివైనది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల కవలలకు తోబుట్టువులకు కలిసినంతే కలుస్తాయి. ఇద్దరూ పెరిగేది మాత్రం ఒకే ఇంట్లో. మొదటి రకం జంటల్లో పోలిక ఎక్కువగా కనిపిస్తే ఆ తేడాను బట్టి జన్యువుల వాటా కడతారు. మిగిలిన పోలిక ఇంటి ఖాతాలోకి పోతుంది. పొద్దుటి తిండి విషయంలో రెండు ఖాతాల్లోనూ పద్దులు పడ్డాయి.

ఈ మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు. "అయితే మీ వైపు నుంచి ఎంత వచ్చినట్టు?" అంది మా ఆవిడ, ఆస్తి పంపకాలకు కూర్చున్నట్టు. జన్యువుల వాటా సగం అంటే పిల్లవాడి కంచంలో సగం తాతగారు వదిలేశారని కాదనీ, జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అంత భాగమని మాత్రమేననీ వివరించబోయాను. అప్పటికే చర్చ మా నాన్నగారి నిద్ర దాకా వెళ్లిపోయింది.

నిద్ర దగ్గర ఆవిడ వాదనకు బలముంది. 2019లో దాదాపు 7 లక్షల మంది జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టి, పెందలాడే లేచే స్వభావంతో ముడిపడిన 351 చోట్లను గుర్తించారు. దానికి తోడు యుక్తవయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. ఆరింటికి వాణ్ణి మంచం మీద నుంచి లాగగలం. కడుపును లాగడం ఎలా?

నిందితుడి ముఖం వెలిగింది. "జన్యువులు మీవి, ఇల్లు మీది. మధ్యలో నా నేరమేమిటి నాన్నా?"

మూడో ఖాతా ఒకటుందని గుర్తుచేశాను. ఒకే ఇంట్లో ఉన్నా ఒక్కొక్కరికి విడిగా తగిలే ప్రభావాలు అందులో పడతాయి. (కొలతల్లో దొర్లిన పొరపాట్లనూ పాపం అందులోకే తోస్తారు.) అర్ధరాత్రి దాకా దుప్పటి కింద వెలిగే ఫోనును ఆ ఖాతాకు రాయబోతుంటే, అది కొనిచ్చిందెవరని అడిగాడు. ఆ ప్రశ్నను రికార్డుల నుంచి తొలగించాను.

మర్నాడు ఏడున్నరకు ఇంటి వాతావరణంపై స్థల పరిశీలన జరిగింది. ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోదాని కోసం బల్ల కింద వెతుక్కుంటూ, పొద్దుటి తిండి ప్రాముఖ్యంపై ఉపన్యసిస్తున్నాను. తల ఎత్తితే బల్ల మీద మూత తీయని కంచాలు రెండు కనిపించాయి. ఒకటి వాడిది. రెండోది ఈ విచారణ పరిధిలోకి రాదు.